యాదయ్య కుడికాలు

“మళ్లీ కూర్చో యాదయ్యా. నిన్న ఎట్లా కూర్చున్నావో అట్లాగే కూర్చో,” అన్నాడు రామబ్రహ్మం.

యాదయ్య బ్యాటరీ కారు ఎక్కాడు. పొద్దుటినుంచి ఎక్కడం, దిగడం ఇది పదకొండోసారి. తలుపులు లేని ఆరు సీట్ల బండి అది. మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల బిల్డింగుకు వచ్చే పెద్దమనుషులను గేటు దగ్గర ఎక్కించుకుని మెట్ల ముందు దింపడానికి రెండు నెలల కిందట తెప్పించారు. పెట్రోలు వాసన ఉండదు, పొగ ఉండదు, వెనక వస్తుంటే చప్పుడు కూడా వినపడదు.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి ఆ బండే మలుపు దగ్గర ఒక్కసారిగా ఉరికి, రోడ్డు పక్కన ఊడుస్తున్న సక్కుబాయిని గ్రానైట్ దిమ్మెకు కొట్టింది. ఆమె ఎడమకాలు రెండుచోట్ల విరిగింది. నేను తొక్కలేదు, దానంతటదే ఉరికిందంటాడు యాదయ్య. దానంతటది ఎట్లా ఉరుకుతుందని మిగతా అందరూ.

బండిని తయారుచేసిన బాలానగర్ ఫ్యాక్టరీ నుంచి రామబ్రహ్మాన్ని పంపారు. యాభై దాటిన మనిషి. తెనాలి దగ్గరి ఊరు. తెల్లచొక్కా చేతులు మోచేతులదాకా మడిచి, నేలమీద పాత న్యూస్‌పేపర్ పరుచుకుని, దానిమీద మోకాళ్లు ఆనించి పెడల్ కిందికి తల దూర్చాడు. అంత పెద్దమనిషి తల తన పాదానికి అంత దగ్గరగా ఉండటం యాదయ్యకు ఇబ్బందిగా ఉంది. కాలు వెనక్కి తీసుకున్నాడు.

“తియ్యొద్దు. తొక్కు. నెమ్మదిగా... ఇప్పుడు వదులు.”

రామబ్రహ్మం చేతిలో మీటరు ముల్లు మెల్లగా లేచింది. కాలు తియ్యగానే మెల్లగా పడింది. పదకొండుసార్లూ అంతే.

“చూడు. ఈ పెడల్ కింద చిన్న డబ్బా ఉంది. దాన్నుంచి మూడు తీగలు పోతాయి. ఎర్రది, తెల్లది, నల్లది. నువ్వెంత తొక్కావో డబ్బా చెబుతుంది, మోటారు వింటుంది. డబ్బా తప్పు చెబితే ముల్లు ఎగరాలి. ఎగరట్లేదు.”

“అంటే నేను అబద్ధం చెప్తున్న అంటరా సారు?”

“నేనామాట అనలేదయ్యా.”

ఇంకేం అంటాడో అని యాదయ్య ఎదురుచూశాడు. రామబ్రహ్మం మీటరు జేబులో పెట్టుకుని, బండిని బిల్డింగు వెనక రోడ్డు మీదికి తియ్యమన్నాడు. ముందువైపు వద్దన్నాడు మేనేజరు మధుసూదన్. సోమవారం ఓపెనింగ్. ముందు రోడ్డంతా కడిగి, అంచులకు రంగు వేస్తున్నారు.

వెనక రోడ్డు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. ఆ చివరినుంచి ఈ చివరకు ఇరవైసార్లు నడిపారు. మెల్లగా, జోరుగా, ఎండలో గంటసేపు నిలిపి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు, సగం అయిపోయినప్పుడు. ఒకసారి రామబ్రహ్మమే నడిపాడు. బండి చెప్పినట్టు విన్నది. ఆగమంటే ఆగింది.

మధ్యాహ్నం మధుసూదన్ వచ్చి నీడలో నిలబడ్డాడు. మెళ్లో టై, నడుముకు పేజర్. రెండు రోజులుగా నిద్రలేని కళ్లు.

“ఏమన్నా దొరికిందా రామబ్రహ్మం గారూ?”

“ఇంకా లేదండీ.”

“దొరకదు. నాకు తెలుసు. ఆటో తోలినోడు కదా, వానికి కాలితో రేసు పెంచే అలవాటు లేదు. చేత్తో తిప్పే అలవాటు. కంగారులో బ్రేకనుకుని రేసు తొక్కినాడు.” ఆ తర్వాత యాదయ్య వైపు తిరిగి గొంతు తగ్గించాడు. “నేను నిన్ను తిట్టడం లేదబ్బా. మనిషన్నాక పొరపాటు పడతాడు.”

యాదయ్యకు తిట్టినా బాగుండేదనిపించింది.

*

నార్సింగిలో ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఖాజాగూడ గుట్టల పక్కనుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చినంతసేపూ యాదయ్య తన కాళ్లనే చూసుకున్నాడు. ఎదురొచ్చిన లారీవాడు తిట్టిపోయాడు కూడా.

సైకిలు గోడకు ఆనించి, గోడవార పడున్న ఇటుకలు రెండు తెచ్చి స్టూలు ముందు జానెడు ఎడంగా పెట్టాడు. స్టూలు మీద కూర్చుని ఎడమ ఇటుక మీద కుడికాలు పెట్టి చూశాడు. తీశాడు.

“ఏం జేస్తున్నవ్?” బియ్యం ఏరుతున్న భార్య ఎల్లమ్మ అడిగింది.

“ఇది బ్రేకు. గిది రేసు. నువ్వు నీ పని జేస్కో. నేను ఎటో చూస్తుంట. నడుమ నడుమ ‘ఆపు’ అని గట్టిగ ఒర్రు. నా కాలు ఎటు పోతదో చూడాలె.”

“పిచ్చి లేసిందా నీకు?”

“జర ఒర్రవే.”

ఆమె ఒర్రింది. కాలు ఎడమ ఇటుక మీద పడింది. మళ్లీ ఒర్రింది. మళ్లీ ఎడమ ఇటుకే. పక్కింటివాళ్లు గోడమీంచి తొంగి చూశారు. ఎల్లమ్మ సిగ్గుపడి గొంతు తగ్గించింది. యాదయ్య లెక్కపెట్టుకుంటున్నాడు. ముప్పైరెండు, ముప్పైమూడు. చెమట కారి కళ్లలో పడుతోంది. తుడుచుకుంటుండగా ఆమె “ఆపు!” అని చేట నేలకేసి కొట్టింది.

కాలు కుడి ఇటుక మీద పడింది.

ఇద్దరూ ఆ కాలును చూశారు. వేళ్లు ముడుచుకుని ఇటుకను పట్టుకున్నాయి.

“పోనీ లే,” అంది ఎల్లమ్మ. “ఇంతసేపట్ల ఒక్కసారే గద.”

“ఆడ గూడ ఒక్కసారే పడ్డది.”

ఆమె వచ్చి ఇటుకలు రెండూ తీసి బయట పారేసింది. యాదయ్య అక్కడే కూర్చున్నాడు. మూడుచక్రాల ట్రాలీ, ఆటో, ఈ బండి, పద్దెనిమిదేండ్లు. కోడిపిల్లను కూడా తొక్కలేదు. తన కాలు తనకు తెలియకుండా ఏదైనా చేస్తుందని ఎన్నడూ అనుకోలేదు. అన్నం పెడితే రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు.

గురువారం మళ్లీ వెనక రోడ్డు మీద తిప్పారు. మళ్లీ ఏమీ దొరకలేదు. రామబ్రహ్మం మోటారు మూత విప్పి చూశాడు. కంట్రోలరు పెట్టె మార్చి చూశాడు. సాయంత్రానికి విసిగిపోయి, బండి అంచు మీద కూర్చుని, “నీకు సరిగ్గా ఏం గుర్తుందో చెప్పు,” అన్నాడు.

యాదయ్య కళ్లు మూసుకున్నాడు. “గేటు కాడికెల్లి ఖాళీగ వస్తున్న. మలుపు తిప్పిన. గంతే సారు. ఇగ ఆమె మొఖం కనవడ్డది. తాళం చెవి తిప్పి బందు పెట్టిన. బ్రేకు తొక్కిన్నో లేదో... తొక్కిన అనుకుంటున్న.”

“అనుకుంటున్నావా?”

“నిన్నటిదాంక ఎర్కనే ఉండె సారు. ఇయ్యాల ఎర్కలేదు.”

*

శుక్రవారం పొద్దున మధుసూదన్ తన గదిలోకి పిలిచాడు. ఏసీ చల్లగా కొడుతోంది. యాదయ్య చెప్పులు బయటే విడిచి వచ్చాడు. టేబుల్ మీద టైపు చేసిన కాగితం, దాని పక్కన రామబ్రహ్మం వంకర సంతకం చేసిన రిపోర్టు ఉన్నాయి.

“ఇంగ్లీషులో ఉంది, నేను చదువుతా విను. ‘బ్రేకు తొక్కబోయి పొరపాటున యాక్సిలరేటర్ తొక్కాను. బండిలో లోపం లేదు.’ అంతే. ఒప్పుకుంటే పొరపాటు అంటారు. ఒప్పుకోకపోతే అబద్ధం చెబుతున్నావంటారు, స్టేషన్ చుట్టూ తిప్పుతారు. నీ మేలుకే చెబుతున్నా. సోమవారం ఇంతమంది వస్తున్నారు, ఈ బండి దానంతటది ఉరికిందంటే నన్ను ఇక్కడ ఎవరైనా ఉండనిస్తారా?”

మూల కుర్చీలో రామబ్రహ్మం కూర్చుని ఉన్నాడు. యాదయ్య ఆయన వైపు చూశాడు. ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడిచాడు.

“సారూ, మీరు చెప్పుండ్రి. నా కాలేనా?”

“బండిలో నాకేమీ కనపడలేదయ్యా,” అన్నాడు రామబ్రహ్మం తలెత్తకుండా.

యాదయ్య పెన్ను తీసుకున్నాడు. తెలుగులో తన పేరు రాయడం వచ్చు. ‘యా’ రాశాక చెయ్యి ఆగింది. మధుసూదన్ కాగితం కదలకుండా అంచు పట్టుకున్నాడు. యాదయ్య మిగతా అక్షరాలు రాసేశాడు.

“ఇగ బండి ముట్టకు. సోమవారం తర్వాత చూద్దాం,” అన్నాడు మధుసూదన్.

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే కుడిచెప్పు ఎక్కలేదు. అక్కడినుంచి ఇంటికి పోలేదు యాదయ్య. మెహదీపట్నం దాకా సెవెన్ సీటర్ ఆటోలో, అక్కణ్ణుంచి బస్సులో సర్కారు దవాఖానకు వెళ్లాడు. మూడు రోజులుగా అటు వెళ్లే ధైర్యం లేకపోయింది. తప్పు ఒప్పుకున్నాక, దాన్ని ఆమె ముందు కూడా ఒప్పుకోకపోతే మనిషినే కాదనిపించింది.

ఆడవాళ్ల వార్డులో చివరి మంచం. సక్కుబాయి కాలు ఇనుప చట్రంలో పైకి లేపి ఉంది. తాడు, చక్రం, చివర వేలాడే ఇసుక సంచి. ఆమె సగం పండిన జామకాయ కొరుకుతూ పైకప్పు చూస్తోంది. అతన్ని చూడగానే కాయ పక్కన పెట్టింది.

“ఇప్పుడొచ్చినవా యాదన్నా? ఏడ వోయినవ్ ఇన్నొద్దులు?”

యాదయ్య మంచం పక్కన నేలమీద కూలబడ్డాడు. “నా కాలే తొక్కింది చెల్లె. నాకు తెల్వకుండ తొక్కింది. నువ్వు నన్ను తిట్టు, కొట్టు. కాయితం మీద గూడ రాసిచ్చిన.”

“ఏం రాసిచ్చినవ్?”

“బ్రేకు అనుకుని రేసు తొక్కిన అని.”

సక్కుబాయి మోచేతుల మీద లేవబోయి, నొప్పికి పళ్లు కొరుక్కుని మళ్లీ పడుకుంది. “నీకేమన్న దిమాకుందా? నీ కాలు యాడుండె, తొక్కనీకి?”

యాదయ్యకు అర్థం కాలేదు.

“నేను చూస్తనే ఉన్న గద. చెట్లకు నీళ్లు పెట్టేటోళ్లు రోడ్డుకు అడ్డం పైపు ఏసిన్రు. లావు పైపు, నీళ్లతోని నిండుగ ఉబ్బి ఉండె. నువ్వు మలుపు తిప్పుకుంటనే దానిమీదికి ఎక్కిచ్చినవ్. బండి ఎగిరింది. నువ్వు సీటు మీద ఎగిరినవ్. రెండు కాళ్లు లేసినయ్. తలుపుల్లేని బండాయె, కాళ్లు కనవడవా నాకు? కాళ్లు గాల్ల ఉన్నప్పుడే ఉరికింది అది. తర్వాత నువ్వు కాలు వెట్టి ఆపనీకి తన్లాడినవ్. వెనక చక్రాలు కర్రుమని అరిసినయ్.”

“పైపా?” అన్నాడు యాదయ్య. అప్పుడు గుర్తొచ్చింది. నడుము కింద ఆ దెబ్బ. ఆకుపచ్చ పైపు. ఆమె ముఖం చూసిన క్షణం దాన్నంతా తుడిచేసింది.

“ఇంత చూసి ఎవ్వరికీ చెప్పలేదా చెల్లె?”

“ఎవ్వరడిగిన్రు?” అంది సక్కుబాయి. “పోలీసాయన ఒచ్చిండు. పేరేంది, మొగుని పేరేంది, ఏ తండా. రాసుకోని పోయిండు. ఆఫీసోళ్లు ఒచ్చిన్రు, పండ్లు వెట్టిపోయిన్రు. ఏం చూసినవ్ అని ఒక్కలు అడగలే. నువ్వన్న అడుగుతవనుకుంటే నువ్వు రానే రాకపోతివి.”

*

శనివారం యాదయ్య బిల్డింగుకు చేరేసరికి రామబ్రహ్మం పనిముట్ల పెట్టెను తన స్కూటరు ముందు నిలబెట్టి తాడుతో కట్టుకుంటున్నాడు.

“సారూ, ఒక్క మాట.”

“సంతకం పెట్టావు కదయ్యా. నా రిపోర్టు కూడా ఇచ్చేశాను. ఇంకేముంది?”

“పైపు సారు. మలుపుల పైపు ఉండె. సక్కుబాయి చూసింది. దానిమీద ఎక్కినంకనే ఉరికింది. అప్పుడు నా కాళ్లు గాల్ల ఉండె.”

రామబ్రహ్మం తాడు ముడి వేస్తున్నవాడు ఆగాడు. “మలుపు ఎటు తిప్పావు?”

“ఎడమకు. మొత్తం తిప్పిన.”

“ఎడమకు మొత్తం తిప్పి ఉండగా, ముందు చక్రం పైకి లేచింది. అంతేనా?”

“అంతే సారు.”

రామబ్రహ్మం వెనక రోడ్డు వైపు చూశాడు. రెండు రోజులూ తిన్నని రోడ్డు మీద, స్టీరింగు తిన్నగా పెట్టి చూశాడు. తాడు విప్పాడు.

బండి సెల్లారులో ఉంది. వెనక చక్రాలు రెండూ గాల్లో తిరిగేటట్టు జాకీ పెట్టి లేపారు. రామబ్రహ్మం తాళం చెవి తిప్పి, దిగి, పక్కన నిలబడ్డాడు. సీటు ఖాళీ. చేయి చాపి స్టీరింగు ఎడమకు చివరిదాకా తిప్పి పట్టుకున్నాడు.

“ముందు ఎడమ చక్రం కింద గునపం పెట్టి లేపు. మెల్లగా. పైపంత ఎత్తు.”

యాదయ్య గునపం దూర్చి, భుజంతో ఎత్తాడు. చక్రం రెండు వేళ్లంత లేచింది. ఏమీ కాలేదు. ఇంకాస్త ఎత్తాడు. మెడనరాలు ఉబ్బాయి.

వెనక చక్రాలు ఒక్కసారిగా గిర్రున తిరిగాయి. ఖాళీ పెడల్ తన చోటునుంచి వెంట్రుకవాసి కదలలేదు. సెల్లారు గోడలమధ్య ఆ హోరు పెరిగిపోతూ ఉంది. టైర్ల గాలికి నేలమీది సిమెంటు దుమ్ము లేచింది. యాదయ్య గునపం పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఎవరూ తొక్కకుండా తిరుగుతున్న ఆ చక్రాలను చూస్తుంటే నోట్లోంచి ఒక వింత శబ్దం వచ్చింది. ఏడుపని అతనికి కూడా వెంటనే తెలియలేదు.

“దించు! దించు!” అని అరిచి రామబ్రహ్మం తాళం ఆపేశాడు.

తర్వాత బండి కింద వెల్లకిలా పడుకుని చాలాసేపు బయటికి రాలేదు. టార్చి వెలుతురు అటూ ఇటూ తిరిగి ఒకచోట ఆగింది. బ్లేడు అడిగాడు. ఇచ్చాడు యాదయ్య.

బయటికొచ్చిన రామబ్రహ్మం చేతిలో జానెడు నల్లతీగ ఉంది. పైన రబ్బరు నిగనిగలాడుతూ కొత్తదిలా ఉంది. ఒలిచినచోట లోపల రాగిపోగులు తెగి, పచ్చగా చిలుము పట్టాయి.

“మామూలుగా పోగులు ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి. స్టీరింగు ఎడమకు తిరిగి చక్రం లేచినప్పుడు తీగ సాగి విడిపోతాయి. నల్లది విడిపోతే నువ్వు కాలు తీశావన్న సంగతి మోటారుకు తెలీదు. నిండా తొక్కావనుకుంటుంది.” ఆయన బండి కిందికి వేలు చూపించాడు. “ఈ తీగను ఫ్రేముకు కట్టాలి. స్టీరింగు రాడ్డుకు కట్టారు. తిప్పినప్పుడల్లా లాగి లాగి తెంపింది.”

“ఎవరు కట్టిన్రు సారు?”

రామబ్రహ్మం సీటు ఎత్తి, కింద జేబులో ప్లాస్టిక్ కవరులో ఉన్న తనిఖీ కార్డు తీశాడు. ‘తీగల అమరిక – సరి’ అని ఒక గడి. దాని పక్కన నీలి ఇంకు సంతకం. శుక్రవారం మధుసూదన్ గదిలో రిపోర్టు కింద యాదయ్య చూసింది కూడా ఆ వంకర సంతకమే.

“ఈ లాట్‌లో పన్నెండు బండ్లు పంపాం,” అన్నాడాయన. “అన్నీ ఇట్లాగే కట్టి ఉంటారు.”

*

గేటు పక్క సెక్యూరిటీ గదిలోంచి రామబ్రహ్మం ఫ్యాక్టరీకి ఫోను చేశాడు. పన్నెండు బండ్లూ ఈ గంటలోనే ఆపమన్నాడు. అవతల ఎవరో చాలాసేపు మాట్లాడారు. ఆయన “కాదండీ”, “వినండి”, “పైగా ఒక మనిషి కాలు విరిగిందండీ” అని మూడుసార్లు అడ్డు తగిలి, చివరకు ఫోను పెట్టేశాడు. కాగితం అడిగి తీసుకుని అక్కడే నిలబడి రాశాడు. మొదటి వాక్యం యాదయ్యకు చదివి వినిపించాడు. “‘ఊడ్చే పని చేసే సక్కుబాయి కళ్లారా చూసి చెప్పినదాన్ని బట్టి మళ్లీ పరీక్ష చేయగా...’”

మధుసూదన్ ఆ కాగితం చదివి కుర్చీలో వెనక్కి వాలాడు.

“ఇది ఇప్పుడు తెస్తే ఎట్లా సార్? యాదయ్య రాసిచ్చింది నిన్ననే స్టేషన్‌కు పంపినాం. మీ మొదటి రిపోర్టు జతచేసి. అయిపోయిందది. తీగ మార్చేయండి, బండి మూలన పెడదాం, సోమవారం గడవనీండి.”

“ఇతని పేరు మీద కేసు ఉంటుంది కదండీ.”

“ఈ మాట పైకి తెలిస్తే బండ్లే ఉండవింక. డ్రైవర్లూ ఉండరు. నన్నేం చెయ్యమంటారు?” మధుసూదన్ ముఖం తిప్పుకున్నాడు. “స్టేషన్‌కు మీరు పోతానంటే నేనాపను. నేను మాత్రం రాను.”

రామబ్రహ్మం స్కూటరు వెనక కూర్చుని యాదయ్య జీవితంలో మొదటిసారి పోలీస్ స్టేషన్‌కు వెళ్లాడు. ఎస్సై బందోబస్తుకు పోయాడు. కాగితాలు రాసే రైటర్ ఒక్కడే ఉన్నాడు. రిపోర్టు రెండుసార్లు చదివి, తీగముక్కను పెన్నుతో కదిపి చూశాడు.

“నువ్వు తొక్కకపోతే సంతకమెందుకు పెట్టినవ్?”

“నా కాలేనేమో అనుకున్న సారు.”

“అనుకున్నవా!” రైటర్ నవ్వబోయి, యాదయ్య ముఖం చూసి మానుకున్నాడు. రామబ్రహ్మం వైపు తిరిగాడు. “సరే పెద్దమనిషీ, ఈయన తొక్కలేదంటరు. ఆడామె కాలైతే ఇరిగింది గద. మరి తప్పెవరిదని రాయాలె? తీగ పేరు రాస్తరా ఎక్కడన్న?”

రామబ్రహ్మం తనిఖీ కార్డు తీసి టేబుల్ మీద పెట్టాడు. సంతకం మీద వేలు ఆనించాడు.

“సరిగా ఉందని రాసి పంపింది నేనండీ. చూడకుండా రాశాను. ఆ రోజు లారీ బయల్దేరిపోతోందని తొందరపెట్టారు. అది నా పేరు. రాసుకోండి.”

యాదయ్య “సారూ...” అన్నాడు. నాలుగు రోజులుగా ఈ కేసులోంచి తన పేరు పోతే చాలని కనపడ్డ దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు. ఆ చోట ఇంకో పేరు వస్తుందని ఆలోచించనేలేదు.

రైటర్ కొత్త కాగితం తీసుకున్నాడు. “పూర్తి పేరు?”

“పోలిశెట్టి రామబ్రహ్మం.”

“తండ్రి పేరు?”

చెప్పాడు.

“వయసు?”

“యాభై ఆరు.”

రైటర్ ఒక్కో అక్షరం ఒత్తి రాస్తున్నాడు. మధ్యలో తలెత్తి యాదయ్యను చూశాడు. “సోమవారం నాడు ఎస్సై సార్ వచ్చి రెండు కాగితాలు చూస్తడు. అందాంక నీతోని పనిలేదు. నువ్వు పో.”

యాదయ్య గుమ్మం దాకా వెళ్లాడు. బయట ఎండలో లారీలు బండరాళ్ల దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. లోపల రామబ్రహ్మం నిలబడే జవాబులు చెబుతున్నాడు. ఇంటి నంబరు చెప్పబోయి తడబడ్డాడు. ఒకటి చెప్పి, కాదని ఇంకోటి చెప్పాడు.

యాదయ్య వెనక్కి వచ్చాడు. గోడవారనున్న బెంచీని జరిపి ఆయన వెనక్కి తెచ్చి పెట్టాడు.

“జర కూసోండ్రి సారు.”

రామబ్రహ్మం కూర్చున్నాడు.

“నిన్ను పొమ్మన్న గద,” అన్నాడు రైటర్.

“సారు పని అయినంక పోత,” అని యాదయ్య ఆ బెంచీ మీదనే ఆయన పక్కన కూర్చున్నాడు.